పెరట్లో కట్టిన పిజ్జా ఓవెన్ పగిలింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అక్కా, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. సెలవుల్లో పిల్లలందరూ చేరతారు కదా అని పెరట్లో కట్టెల పిజ్జా ఓవెన్ కట్టించాను. ఊళ్ళో మేస్త్రి మామూలు ఎర్ర ఇటుకలు, సిమెంటుతో స్లాబు మీద గుమ్మటంలా కట్టాడు. పొగ పోవడానికి గుమ్మటం నడినెత్తిన గొట్టం పెట్టాడు. కట్టిన మూడో రోజున పెద్ద మంట వేశాం. ఠప్పుమని చప్పుడు వచ్చి ఒక పక్కంతా పగిలింది. అయినా ఆ రోజే పిజ్జా చేశాం. అడుగు బొగ్గయింది, పైన పిండి పచ్చిగానే ఉంది. పిండి ఒక వీడియో చూసి కలిపాను. కిలో మైదాకి మూడు చెంచాల పంచదార, పాలపొడి, నూనె, ఈస్ట్ ప్యాకెట్ మొత్తం వేశాను. గంటలో పొంగి గిన్నె దాటింది. ఇప్పటికి ముప్పై వేలు ఖర్చయింది. అమ్మ బాధపడుతోంది, నాకు టెన్షన్‌గా ఉంది. పగుళ్ళు పూడిస్తే చాలా, మొత్తం పడగొట్టాలా? పిండి ఎలా కలపాలి? – ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ముందు నువ్వు భయపడుతున్న ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. పగుళ్ళు పూడ్చినా నిలవదు, గుమ్మటం విప్పేయాల్సిందే. కానీ కింద కట్టిన దిమ్మె, దాని మీది స్లాబు అలాగే ఉంటాయి. విప్పిన ఇటుకల్లో గట్టివి ఏరుకుని మళ్ళీ వాడుకోవచ్చు. నీ ముప్పై వేలూ మట్టిలో కలిసిపోలేదు. ఈ మాట ముందు మీ అమ్మగారికి చెప్పు.

మేస్త్రిని ఏమీ అనకు. ఆయన తనకు తెలిసిన పొయ్యి కట్టాడు. పొయ్యిలో మంట గిన్నెకు తగులుతుంది, పొగ దగ్గరి దారిన బయటికి పోతుంది, అంతటితో దాని పని అయిపోయింది. పిజ్జా ఓవెన్ పని అది కాదు. అక్కడ మంట ఇటుకల్ని కాలుస్తుంది, ఇటుకలు పిజ్జాని కాలుస్తాయి. మీ అమ్మగారిని అడుగు, వాళ్ళ చిన్నప్పుడు దాలిలో పాలు ఎలా కాగేవో. పిడకలు రాజేసి పాలకుండ పెట్టి మూత వేస్తే, పైకి మంటే కనపడేది కాదు. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి మందంగా మీగడ కట్టేవి. నీకు కావలసింది దాలి లాంటిది. వేడిని దాచుకునేది. దాలి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేడిని దాచుకోవాలి, అంతే తేడా. నీ ఉత్తరంలో ఉన్న తప్పులన్నీ, పిండితో సహా, దాచుకోవడానికి దారి గానీ టైమ్ గానీ ఇవ్వకపోవడం వల్ల వచ్చినవే.

నడినెత్తిన పెట్టిన గొట్టం సంగతి చూడు. వేడిగాలి పైకి పోతుంది. గుమ్మటం నెత్తిన కన్నం ఉంటే నువ్వు వేసిన కట్టెల వేడి చాలావరకు ఆ దారినే ఆకాశంలోకి పోతుంది. గుమ్మటం కాలదు. కింద నిప్పులు పోసిన నేల మాత్రం మండిపోతుంది. అందుకే అడుగు బొగ్గు, పైన పచ్చి. గొట్టం ఉండాల్సింది గుమ్మటం బయట, నోటికి ముందు, చిన్న కమాను మీద. అప్పుడు వెనకాల లేచిన మంట గుమ్మటం లోపలి కప్పును రాసుకుంటూ ముందుకు పాకి, కిందికి దిగి, నోటి పైభాగం నుంచి బయటికి వచ్చి గొట్టంలోకి పోతుంది. చల్లగాలి అదే నోటి కింది భాగం నుంచి లోపలికి వస్తుంది. ఒకే నోరు ఊపిరి పీల్చడానికీ వదలడానికీ సరిపోతుంది.

ఇది పని చేయాలంటే నోటి ఎత్తుకు ఒక లెక్క ఉంది. లోపల గుమ్మటం ఎత్తులో నోటి ఎత్తు సుమారు 63 శాతం ఉండాలి. ఇంటికి 36 అంగుళాల లోపలి వెడల్పు చాలు. అర్ధగోళంలా కడితే ఎత్తు 18 అంగుళాలు వస్తుంది, అప్పుడు నోరు పదకొండున్నర అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు పెట్టించు. నోరు ఇంకా ఎత్తు పెడితే వేడి జారిపోతుంది, మరీ తగ్గిస్తే మంటకు గాలి ఆడక పొగ చిమ్ముతుంది. మేస్త్రికి ఈ అంకెలన్నీ కాగితం మీద రాసి ఇవ్వు. నోటిమాటగా చెబితే పని మధ్యలో మారిపోతుంది.

ఈ ఆకారం కొత్తదేమీ కాదు. ఇటలీలో క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేయి నగరంలో, రొట్టెలు కాల్చిన గుమ్మటాల ఓవెన్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వాటి పక్కనే పిండి విసిరే పెద్ద రాళ్ళు కూడా. మన హైదరాబాద్ పురానీ హవేలీ వైపు నాన్ కాల్చే తందూర్‌ది ఇంకో పద్ధతి. అక్కడ పిండిని గోడకు అంటిస్తారు, నోరు పైన ఉంటుంది. పిజ్జా మాత్రం నేల మీద కాలుతుంది. నేలకూ పైకప్పుకూ వేడి సమానంగా ఉండకపోతే అది కుదరదు.

ఇప్పుడు కట్టే పని. అన్నిటికంటే ముందు స్లాబుకూ ఓవెన్ నేలకూ మధ్య వేడి ఆపే పొర వేయాలి. మీ ఓవెన్‌లో అది లేదు. ఇటుక నేల కింద నేరుగా కాంక్రీటు ఉంటే, ఆ కాంక్రీటు వేడిని పీల్చుకుంటూనే ఉంటుంది. నువ్వు ఎన్ని కట్టెలు వేసినా నాలుగో పిజ్జాకి నేల చల్లారిపోతుంది. నర్సరీల్లో మొక్కల కుండీల కోసం వర్మిక్యులైట్ అనే తేలికైన ఖనిజపు పలుకులు అమ్ముతారు. అది ఐదు పాళ్ళు, సిమెంట్ ఒక పాలు (తూకం కాదు, డబ్బా కొలత) తక్కువ నీళ్ళతో కలిపి 4 అంగుళాల మందం వేయించు. చేత్తో పట్టుకుంటే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. ఎక్కువగా పిసికితే అందులోని గాలి పోయి మామూలు కాంక్రీటు లాగే తయారవుతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ఇంకెక్కడైనా తగ్గించు, ఇక్కడ మాత్రం వద్దు.

దాని మీద ఇసుక, ఫైర్ క్లే (మంటను తట్టుకునే మట్టి పొడి) కలిపిన పలుచని పొడి పొర పరిచి, ఫైర్ బ్రిక్స్ (మంటను తట్టుకునే ఇటుకలు) పేర్చాలి. నేలకు మాల్ పెట్టకూడదు. ఇటుకలు వేడికి పెరిగి, చల్లారితే తగ్గుతాయి, వాటికి ఆ జాగా ఉండాలి. నోటికి ఐమూలగా పేరిస్తే, పిజ్జా పెట్టి తీసే పార అంచు ఇటుకల కీళ్ళకు తగిలి ఆగదు. గుమ్మటాన్ని ఈ నేల మీద కాకుండా నేల చుట్టూ కట్టించు. ఐదారేళ్ళకు ఒక నేల ఇటుక విరిగితే దాన్ని పీకి కొత్తది పెట్టుకోవచ్చు.

ఫైర్ బ్రిక్స్ ఎక్కడ దొరుకుతాయని అడుగుతావేమో. బాయిల్డ్ రైస్ మిల్లుల బాయిలర్లలో లోపలి గోడ వాటితోనే కడతారు. మీ చుట్టుపక్కల మిల్లుల్లో బాయిలర్ రిపేరు చేసే మేస్త్రిని పట్టుకో. ఇటుకలు, ఫైర్ క్లే ఎక్కడ కొనాలో ఆయనే చెబుతాడు, కమాను కట్టడం కూడా వచ్చి ఉంటుంది. 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్నవి అడుగు. నేలకూ గుమ్మటానికీ కలిపి 36 అంగుళాల ఓవెన్‌కు సుమారు 160 పడతాయి. అంత కొనలేకపోతే నేలకు, నోటి కమానుకు మాత్రం ఫైర్ బ్రిక్స్ వాడి, గుమ్మటం నీ ఎర్ర ఇటుకలతోనే కట్టించు. వాటిలో బాగా కాలినవి ఏరాలి. రెండు ఇటుకలు తట్టి చూడు, గంటలా ఖణేల్‌మంటే మంచిది, మొద్దుగా దబ్‌మంటే పక్కన పెట్టెయ్. మా నాన్న ఇటుక బట్టీ నడిపిన మనిషి. కళ్ళు మూసుకుని చప్పుడుతోనే ఇటుకల్ని ఏరేవారు.

సిమెంట్ గురించి. ఒట్టి సిమెంట్ మాల్ 400, 500 డిగ్రీల వేడి దగ్గర తనలో కలిసిన నీటిని వదిలేసి పిండి అయిపోతుంది. అందుకే ఇటుకల మధ్య మాల్‌కు జల్లించిన సన్న ఇసుక మూడు పాళ్ళు, సిమెంట్ ఒకటి, పొడి సున్నం ఒకటి, ఫైర్ క్లే ఒకటి కలుపుతారు. మొదట్లో సిమెంట్ పట్టి నిలుపుతుంది, తర్వాత అది ఓడిపోయినా సున్నం, ఫైర్ క్లే గుమ్మటాన్ని మోస్తాయి. పాత ఇళ్ళు గానుగ సున్నంతో కట్టినవి ఎన్ని తరాలు నిలిచాయో మీ ఊళ్ళోనే చూసి ఉంటావు. సున్నం చేతులకూ కళ్ళకూ ప్రమాదం, గ్లౌజులు వేసుకోమను.

అర్ధగోళం సరిగ్గా రావడానికి తేలికైన దారి ఇసుక గుట్ట. నేల మీద తడి ఇసుకను గుమ్మటం ఆకారంలో పోసి, పైన తడి న్యూస్‌పేపర్లు కప్పి, దాని మీద ఇటుకలు కట్టుకుంటూ వెళ్ళాలి. నేల నడుమ నుంచి ఎటు కొలిచినా 18 అంగుళాలు రావాలి, గుట్ట పోసేటప్పుడే ఒక కర్రతో కొలుచుకోండి. ఇటుకల్ని సగానికి కొట్టి, చిన్న ముఖం లోపలికి వచ్చేలా పెట్టండి. లోపలి వైపు కీళ్ళు సన్నగా, ఇటుకా ఇటుకా దాదాపు తాకేలా ఉండాలి. చివరి ఇటుక బిగించి రెండు మూడు రోజులయ్యాక నోట్లోంచి ఇసుక మెల్లగా తోడేస్తే గుమ్మటం నిలబడుతుంది. నా ఓవెన్‌కి ఇసుక తోడిన సాయంత్రం మా ఇంట్లో అందరం లోపలికి తలపెట్టి చూశాం. పైకప్పుకు అంటుకున్న పేపరు ముక్కలు మొదటి మంటకు వాటంతటవే పోయాయి.

గుమ్మటం మీద సెరామిక్ వూల్ బ్లాంకెట్ (వేడిని బయటికి పోనివ్వని పీచు దుప్పటి) ఒక అంగుళం మందానిది రెండు పొరలు, వీలైతే మూడు పొరలు కప్పించు. దాన్ని కోసేటప్పుడు సన్నని పీచు ఎగురుతుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మంచి మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పిల్లల్ని ఆ రోజు పెరట్లోకి రానివ్వకు. పైన కోళ్ళ గూళ్ళకు వాడే సన్న ఇనుప వల చుట్టి, వర్మిక్యులైట్ మాల్ ఒకటిన్నర అంగుళం, దాని మీద మామూలు ప్లాస్టరింగ్. మీ వైపు వానలు, తుఫాన్లు ఎక్కువ. ఈ పొరలు నీళ్ళు తాగితే ఆరడానికి వారాలు పడుతుంది కాబట్టి రేకుల కప్పు తప్పకుండా వేయించు. తాటాకు, కొబ్బరాకు పందిరి మాత్రం ఎంత అందంగా ఉన్నా వద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు. మూడు పక్కలా గాలి ఆడాలి, మూసిన షెడ్డులో కట్టెలు కాలిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

ఇక నీ గుమ్మటం ఎందుకు పగిలిందో. మూడో రోజుకు మాల్‌లో, ఇటుకల్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. పెద్ద మంట వేసేసరికి ఆ ఆవిరికి బయటికి దారి లేక గోడను చీల్చుకుంది. నా మొదటి ఓవెన్‌కూ ఇదే జరిగింది. బంధువులు వస్తున్నారని తొందరపడి ఐదో రోజున మంట వేశాను. వెనక గోడలో వేలు పట్టేంత పగులు వచ్చింది. నాన్న వచ్చి చూసి, "పచ్చి ఇటుకకు ఒకేసారి పెద్ద మంట పెడతామా అమ్మా" అన్నారు. బట్టీలో ముందు చిన్న సెగతో తడి పోగొట్టి, ఆ తర్వాతే మంట పెంచుతారు. అది చూస్తూ పెరిగిన నేను ఆ ఒక్క రోజు మర్చిపోయాను.

కాబట్టి కట్టడం అయ్యాక వారం పాటు తడి గోనె సంచులు కప్పి ఉంచు. తర్వాత ఇంకో వారం నీడలో ఊరికే ఆరనివ్వు. బ్లాంకెట్ కప్పకముందే ఏడు రోజులు వరసగా చిన్న మంటలు వేయాలి. మొదటి రోజు నాలుగు పుల్లలు, 100 నుంచి 120 డిగ్రీలు, నాలుగైదు గంటలు. రోజుకు 50 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పో. ఏడో రోజుకు 400 దగ్గరికి వస్తావు. రోజూ మంట ఆరాక నోటికి మూత పెట్టు. గుమ్మటం బయట తడి మచ్చలు కనిపిస్తాయి, ఆవిరి వస్తుంది, అది పోయేవరకు బ్లాంకెట్ వేయకు. వెంట్రుక మందం పగుళ్ళు వస్తాయి. వాటికి కంగారు పడకు, వేడికి తెరుచుకుని చల్లారితే మూసుకుంటాయి. ప్రతి వానాకాలం తర్వాత కూడా ఒక పూట చిన్న మంటతోనే మొదలుపెట్టు.

వేడి కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొను, 550 డిగ్రీల వరకు చూపించేది. కరోనా రోజుల్లో కొన్న జ్వరం గన్ ఇంట్లో ఉందని దాన్ని వాడకు, అది దీనికి పనికిరాదు. ఓవెన్ తనంతట తాను కూడా ఒక గుర్తు చెబుతుంది. మంట మొదలైనప్పుడు గుమ్మటం లోపలంతా మసితో నల్లబడుతుంది. ఇటుకలు బాగా కాలాక ఆ మసి కూడా కాలిపోయి, నెత్తి దగ్గర మొదలై కిందికి తెల్లగా అవుతూ వస్తుంది. నల్లని గుమ్మటం తెల్లబడటం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. పక్కల దాకా తెల్లబడ్డాకే పిజ్జా సంగతి ఆలోచించు. దానికి గంట నుంచి గంటన్నర పడుతుంది, తొందరపెడితే రాదు.

కట్టెలు ఎండినవి కావాలి, కొట్టి కనీసం ఆరు నెలలైనవి. మీకు బాపట్ల, చీరాల వైపు సరుగుడు దొరుకుతుంది, దాన్ని మించింది లేదు. మంట నిటారుగా వస్తుంది, నిప్పు గట్టిగా ఉంటుంది. తుమ్మ, చింత, మామిడి మంచివే. సుబాబుల్ త్వరగా కాలిపోతుంది గానీ వేడి ఎక్కించేటప్పుడు పనికొస్తుంది. రాజేయడానికి కొబ్బరి పీచు, ఎండు మట్టలు చాలు. ఊళ్ళో మిరప కట్టె, పత్తి కట్టె గుట్టలుగా ఉంటాయి, వాటిని మాత్రం ఇందులో పెట్టకు. ఎన్ని మందులు కొట్టి ఉంటారో మనకు తెలియదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, గన్నేరు కొమ్మలు అసలే వద్దు.

ఇప్పుడు పిండి. వీడియోలో చెప్పిన కొలతలు ఇంట్లో కరెంటు ఓవెన్ కోసం. అక్కడ 220, 230 డిగ్రీల్లో పది పన్నెండు నిమిషాలు కాల్చాలి కాబట్టి ఎర్రగా రావడానికి పంచదార, ఎండిపోకుండా ఉండటానికి నూనె వేస్తారు. నీ ఓవెన్ నేల 400 దగ్గర ఉంటే పంచదార, పాలపొడి అర నిమిషంలో మాడిపోతాయి. ఇటలీలోని నేపుల్స్ వాళ్ళు ఈ పిజ్జాని ఎంత పట్టుదలగా కాపాడుకుంటారంటే, 1984లో దానికోసం ఒక సంఘం పెట్టుకున్నారు. 2010లో యూరోపియన్ యూనియన్ దాని పద్ధతిని నియమాలుగా గుర్తించింది. 2017లో ఆ పిజ్జా చేసే కళను యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నియమాల్లో పిండికి ఉండేవి నాలుగే, గోధుమ పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్. సుమారు 485 డిగ్రీల ఓవెన్‌లో 60 నుంచి 90 సెకన్లలో కాల్చి తీస్తారు.

మన మైదా ఆ నేపుల్స్ పిండి అంత బలమైనది కాదు, నీళ్ళు కూడా కాస్త తక్కువ పడుతుంది. నేను చేసే కొలత ఇది. మైదా ఒక కిలో, నీళ్ళు 600 గ్రాములు, ఉప్పు 25 గ్రాములు, ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ ఒకే ఒక్క గ్రాము. అంటే టీ చెంచాలో మూడో వంతు. నువ్వు వేసిన ప్యాకెట్‌లో దీనికి పది రెట్లు ఉండి ఉంటుంది, పైగా మీ ఊరి ఎండ. గంటలో గిన్నె దాటడంలో వింత లేదు. అలా తొందరగా పొంగిన పిండికి రుచి రాదు, ఈస్ట్ కంపు కొడుతుంది, సాగదీస్తే చిరుగుతుంది.

గోధుమ రుచి ఈస్ట్ పోస్తే రాదు, నానితే వస్తుంది. బొబ్బట్లకు అమ్మగారు మైదా తడిపి రెండు మూడు గంటలు ఎందుకు నానబెడతారు? నానకపోతే అరచేత్తో ఒత్తినప్పుడు వెనక్కి లాగేసుకుంటుంది, నానితే పట్టుబట్టలా సాగుతుంది. ఇదీ అంతే, ఎనిమిది తొమ్మిది గంటలు నానాలి. ఈ పిండిని మీ అమ్మగారి చేతికే ఇవ్వమంటాను నేను. ఆ చేతికి తెలిసిన మెత్తదనం మనం కాటాలో కొలవలేం.

ఉప్పును నీళ్ళలో కరిగించి, మైదాలో పావువంతు అందులో కలిపి, అప్పుడు ఈస్ట్ చల్లి, మిగతా మైదా కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. పది నిమిషాలు పిసికి, తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు వదిలేసి, మళ్ళీ ఐదు నిమిషాలు పిసుకు. చిన్న ముక్క తీసుకుని వేళ్ళతో సాగదీస్తే చిరగకుండా అవతలి వెలుతురు కనిపించాలి. వేసవిలో నీళ్ళు ఫ్రిజ్‌వి వాడు, గుప్పెడు ఐస్ ముక్కలు కూడా వేసుకో. ఆ ఐస్ బరువు కూడా 600 గ్రాముల్లోనే లెక్క. కలిపాక పిండి చేతికి చల్లగా తగలాలి. అది గోరువెచ్చగా ఉందంటే అప్పటికే పరుగు మొదలుపెట్టిందన్నమాట.

గది 30 డిగ్రీల దగ్గర ఉండే రోజుల్లో పొద్దున్న తొమ్మిదింటికి కలిపితే, ఒంటిగంటకు ఆరు ముద్దలు చేసుకోవచ్చు. ఒక్కోటి 270 గ్రాములు వస్తుంది. మూత ఉన్న డబ్బాలో దూరం దూరంగా పెట్టి సాయంత్రం ఆరింటికి కాల్చు. మే నెలలో ఈ పద్ధతి కుదరదు. అప్పుడు ముందురోజు సాయంత్రం కలిపి, ఈస్ట్ ఒకటిన్నర గ్రాములు వేసి, గంట బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టెయ్. మర్నాడు మధ్యాహ్నం ముద్దలు చేసి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి, కాల్చడానికి గంటన్నర ముందు బయటికి తీయి. నాకైతే ఈ ఫ్రిజ్ పిండే ఎక్కువ నచ్చుతుంది, రుచి లోతుగా ఉంటుంది.

పిజ్జా ఒత్తడానికి అప్పడాల కర్ర వాడకు. ఇది మన చేతులకు కష్టమైన మాటే. కర్ర పెడితే గంటల తరబడి పిండి దాచుకున్న గాలంతా ఒక్క నిమిషంలో పోతుంది. వేళ్ళ కొసలతో నడుమ నుంచి అంచు వైపు నొక్కుతూ, గాలిని అంచులోకి తోయాలి. వేలెడు వెడల్పు అంచు ముట్టుకోకు. చెక్క పార మీద బొంబాయి రవ్వ పలుచగా చల్లితే జారుతుంది. పొడి మైదా ఎక్కువ చల్లితే నేల మీద మాడి చేదు వస్తుంది.

పైన వేసేవి తక్కువ వేయి. పిల్లలు ఇంకా ఇంకా అంటారు, కానీ బరువెక్కితే నడుమ పచ్చిగా ఉండిపోతుంది. నాలుగైదు చెంచాల టమాటా, 80 గ్రాముల చీజ్, అంతే. మనకు మార్కెట్లో వచ్చే టమాటాల్లో నీరు ఎక్కువ. వేడినీళ్ళలో ముంచి తొక్క తీసి, గింజలు తీసేసి, చిల్లుల గిన్నెలో అరగంట నీరు కారనిచ్చి, చేత్తో నలిపి ఉప్పు వెయ్యి. ఉడికించకు. నేపుల్స్ చుట్టుపక్కల పేరున్న మొజరెల్లా గేదెపాలదే. మీ ఇంట్లో పాడి ఉంటే అది ఇంట్లో చేసుకునే ఆలోచన తర్వాతైనా చేయి. కొన్నదైతే నీళ్ళలో ఉన్న రకాన్ని రెండు గంటల ముందు తీసి గుడ్డలో వడకట్టు. బేసిల్ ఆకులు దొరకలేదని పూజ తులసి వేయొద్దు, ఘాటు వేరు. షర్బత్‌లో వేసే సబ్జా గింజలు కుండీలో చల్లు. మొలిచేది బేసిల్ జాతి మొక్కే, వాసన కొంచెం తేడా, అంతే.

కాల్చేటప్పుడు నిప్పుల్ని ఒక పక్కకు నెట్టి, నేలను ఇనుప పిడి ఉన్న కుంచెతో ఊడ్చి, ఐదు నిమిషాలు ఆగు. నిప్పుల కింద ఉన్న నేల అప్పుడే విపరీతంగా కాలి ఉంటుంది, కాస్త సర్దుకోవాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడు. మొదటి రోజుల్లో నేల 350 దగ్గర ఉంటే చాలు, ఇంకా ఎక్కువైతే మైదా పిండి తట్టుకోదు. నిప్పుల మీద ఒక సన్న కట్టె వేసి మంట లేపు. పై భాగం కాలేది ఆ మంటతోనే, గుమ్మటం మీద దొర్లుతూ వచ్చే సెగతోనే. పిజ్జా జార్చి, అర నిమిషానికి తిప్పి, మళ్ళీ తిప్పి, రెండు నిమిషాల లోపు తీసెయ్. నాలుగైదు పిజ్జాలయ్యాక నేల చల్లబడితే నిప్పుల్ని దాని మీదికి పరిచి ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టు. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు ఒత్తడానికి, ఒకరు ఓవెన్ దగ్గర. పిల్లలకు ఓవెన్ ముందు ఒక ముగ్గు గీత గీసి, అది దాటొద్దని చెప్పు. పెద్ద పిల్లలకు టాపింగ్ పని అప్పజెప్పు, వాళ్ళకు అదే పండగ.

మీ అమ్మగారికి ఇంకో మాట చెప్పమన్నానని చెప్పు. పిజ్జాలయ్యాక నిప్పులు తీసి నోటికి తలుపు బిగిస్తే, ఆ వేడి ఆ రాత్రంతా ఉంటుంది. 250 దగ్గర బ్రెడ్ కాలుతుంది. అంతకుముందే పచ్చడి వంకాయలు కాల్చుకోవచ్చు. ఇంకా దిగాక మట్టికుండలో పప్పు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి మెత్తగా ఉడుకుతుంది. నేను మాత్రం వారానికోసారి చివరి వేడిలో పాలకుండ పెడతాను. మీగడ అచ్చం దాలి పాల మీగడలాగే కడుతుంది. బూడిదను మాత్రం ఇనుప డబ్బాలో మూత పెట్టి రెండు రోజులు ఉంచాకే చెట్లకు వేయండి, లోపల నిప్పు చాలాసేపు బతికే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. గుమ్మటం మెల్లగా, సుత్తితో బాదకుండా, పై నుంచి ఒక్కో వరసా విప్పించు. ఇటుకలు తట్టి చూసి ఏరిపెట్టు. స్లాబు మీద నీళ్ళు పోసి చూడు, ఎక్కడైనా పగులు ఉంటే నీరు పట్టుకుని చూపిస్తుంది. సన్న పగుళ్ళైతే పర్వాలేదు, పెద్దది ఉంటే దాని ఫోటో, దిమ్మె కొలతలు రాసి పంపు. నీ ఉత్తరం వచ్చేదాకా వర్మిక్యులైట్ కొనకు.